నీడ వెనక్కి తిరిగిన సోమవారం

పోయిన నెల ఎమ్మిగనూరులో ఉపాధ్యాయుల సమావేశం జరిగింది. వేదిక మీద నా పక్కన కూర్చున్న కుర్ర మాస్టారు లేచి నా గురించి నాలుగు మాటలు చెప్పాడు. "మనమంతా పుస్తకంలో ఉన్నది వల్లె వేయిస్తాం. ఈయన మాత్రం పంతొమ్మిది వందల యాభైల్లోనే, ఒక పల్లెటూరి బడిలో, ఒకటో తరగతి పిల్లల చేత పంచాంగానికే పరీక్ష పెట్టించిన మనిషి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. నేను తల వంచి దండం పెట్టాను.

ఈ కథ నా గురించి పాతికేళ్ళుగా తిరుగుతూ ఉంది. దీన్ని మొదట చెప్పింది నేను కాకపోయినా, కాదని ఎన్నడూ అనలేదు. ఆ రోజు ఆదోని బస్సులో శాలువా ఒళ్ళో పెట్టుకుని వస్తూంటే, ఇక దీన్ని సరిచేయకపోతే నా తర్వాత ఎవరూ చేయరని అనిపించింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా తాలూకా బళ్ళారి జిల్లా నుంచి కర్నూలుకు మారిన కొత్త. నాకు ఇరవై ఒకటో ఏడు. ట్రైనింగు ముగించుకుని, ఆదోనికి రెండు మైళ్ళ దూరంలో, ఎమ్మిగనూరు పోయే దారి పక్కనున్న ఒక పల్లెలో ఏకోపాధ్యాయ పాఠశాలకు వెళ్ళాను. ఒకటే గది, ముందు వసారా, ముందర ఖాళీ స్థలం, అందులో ఒక జెండా కొయ్య. ఒకటి, రెండు తరగతులు కలిపి ముప్పై మంది పిల్లలు. వాళ్ళలో ఎక్కువమంది కూలీల బిడ్డలు.

దీపావళి దాటేసరికి గదిలో బండల నేల మంచుగడ్డ అయ్యేది. గోనెపట్టాల మీద కూర్చున్నా పిల్లల పళ్ళు టకటక కొట్టుకునేవి. పలక పట్టుకున్న వేళ్ళు వంగేవి కావు. నాలుగు రోజులు చూసి బడినే బయటికి తెచ్చాను. పొద్దున రాగానే వసారా అరుగు మీది నల్లబండ మంచుకు తడిసి ఉండేది. ఒక్కొక్కరూ వేలితో దాని మీద తమ అక్షరం రాయాలి, ఎండ వచ్చి చెరిపేసేలోగా పక్కవాడు దాన్ని చదవాలి. ఆ పందెం కోసం పిల్లలు పొద్దు పొడవకముందే వచ్చేవాళ్ళు. తర్వాత ఎండలో కూర్చుని నల్లరేగడి మట్టితో అక్షరాలు చేసి ఆరబెట్టడం, వేరుశనగ తొక్కలతో పదులు పేర్చడం. ఇవన్నీ నేను పెట్టినవే. వీటి గొప్ప నాకు ఇచ్చినా తీసుకుంటాను.

నీడ కొలవడం కూడా నేనే మొదలుపెట్టాను. ప్రతి సోమవారం ఆదోని పత్తి మిల్లు పన్నెండు గంటల కూత వేయగానే, జెండా కొయ్య నీడ కొన ఎక్కడుందో అక్కడ ఒక సున్నం పూసిన రాయి పెట్టాలి. కొయ్య మొదలు నుంచి ఆ రాయి దాకా నూలు పరిచి, అంత ముక్క కోసి, వసారా గోడకు వరసగా కొట్టిన మేకులకు కట్టాలి. నూలు నేనే తెచ్చేవాణ్ణి. ఎమ్మిగనూరులో మా చిన్నమ్మ ఇంటి పక్కన మగ్గాలు ఉండేవి. వాళ్ళు పారేసే నూలు ముక్కలు ఏరుకొచ్చి నాలుగు పేటలు కలిపి పేనితే సాగేది కాదు.

వారం వారం రాయి దూరం జరిగేది, కొద్దిగా పక్కకు కూడా. గోడ మీద దారాలు ఒకదానికంటే ఒకటి పొడుగయ్యేవి. "ఈ వారం ఎన్ని వేళ్ళు?" అంటే ముప్పై గొంతులూ "ఐదూ!" అని అరిచేవి. పొడుగు, పొట్టి, ఎక్కువ, తక్కువ, కూడిక, అన్నీ ఆ గోడ మీదే నేర్చుకున్నారు.

దారం పరిచి కోసే పని ఒకటో తరగతి పిల్లది ఒకతె చేసేది. వాళ్ళది ఊరి చివర పేటలో క్రైస్తవుల ఇల్లు. తండ్రి లేడు, తల్లి కూలికి పోయేది. ఆరేళ్ళో ఏడేళ్ళో ఉంటాయి. చెయ్యి వణికేది కాదు. దారం ఒక చివర కొయ్యకు చుట్టి, రెండో చివర రాయి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి కోసేది. మిగతా పిల్లలకు ఆ ఓపిక లేదు.

ఆ కాలం పత్తి విడిపించే రోజులు. చిన్న వేళ్ళకు కాయలోంచి పత్తి తొందరగా వస్తుందని మేస్త్రీలు పిల్లల్ని కూడా పిలుచుకుపోయేవాళ్ళు. ఆమె తల్లి ప్రతి వారం బడి దగ్గరికి వచ్చి అడిగేది.

"ఐవారూ, మా పిల్లకు సదువు అంటుతాండాదా? లేకుంటే సెప్పు, పత్తి ఇడిపించేకి తోలుకపోతా. మేస్త్రి పొద్దుమానం అడుగుతాండాడు."

"అంటుతోందమ్మా. అందరికంటే ముందుంది."

"నిజంగానా? నన్ను సంతోషపెట్టేకి సెప్తాండావా?"

"నిజమే."

"సరే, సంకరాత్రి దాకా సూస్తా."

సంక్రాంతి తర్వాతి సోమవారం డిప్యూటీ ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చింది. నాకు దాని మీద ఒక పెద్ద ఆలోచన కలిగింది. మాది మంత్రాలయం దగ్గరి పల్లె. మా నాయన పంచాంగం చూసి చుట్టుపక్కల ఊళ్ళకు ముహూర్తాలు పెట్టేవాడు. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది సంక్రాంతి రోజున అని ఉగ్గుపాలతో తాగినవాణ్ణి. అంటే సంక్రాంతి దాకా నీడ పెరుగుతుంది, ఆ రోజు నుంచి తగ్గుతుంది. ఇన్‌స్పెక్టరు ముందర సరిగ్గా ఆ మలుపు చూపిస్తే! ఊళ్ళో పెద్దలకు కూడా చెప్పాను. "ఐవారు సూర్యుణ్ణి తిప్పి సూపిస్తాడంట" అని ఊరంతా నవ్వుకుంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ట్రైనింగులో భూగోళం పరీక్షకు నేను "డిసెంబరు ఇరవై రెండున సూర్యుడు మకరరేఖ మీద నుంచి ఉత్తరానికి మరలును" అని రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అది పరీక్ష. సంక్రాంతి ఇల్లు. రెండూ మాట్లాడేది ఒకే సూర్యుడి గురించి అని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

క్రిస్మస్‌కు ముందు సోమవారం, తర్వాత సోమవారం కోసిన దారాలు సమానంగా వచ్చాయి. కొలతలో ఏదో పొరపాటులే అనుకున్నాను. ఆ పై సోమవారం కూత పడింది. ఒకడు రాయి పెట్టాడు. ఆ పిల్ల దారం కోసి తెచ్చి మేకుకు కట్టి, పక్క దారం పక్కన పెట్టి చూసింది. మళ్ళీ చూసింది.

"ఐవారూ, నీడ ఎనక్కి తిరిగినాది."

"అదెలా తిరుగుతుంది? సంక్రాంతి ఇంకా రాలేదు కదా. మళ్ళీ కొలువు."

మళ్ళీ పోయి కొలిచి వచ్చింది. "ఒక వేలు తగ్గినాది. క్రిస్మస్ పండగప్పుడే ఆగిపోయి, ఇప్పుడు తిరిగినాది."

"నువ్వు దారం పొట్టిగా కోశావు."

"నేను కొయ్యలే ఐవారూ, నీడే తగ్గినాది."

వెనక నుంచి ఎవడో "నీడకు పంచాంగం సదివేకి రాదేమో" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఒక్కేళ్ళ వాడికి ఉండే రోషం అది. బెత్తం తీసుకున్నాను. ఆమె చెయ్యి చాపింది. రెండు దెబ్బలు కొట్టాను.

"ఇప్పుడు చెప్పు. పొట్టిగా కోశావా లేదా?"

"కొయ్యలే" అంది. కళ్ళ నిండా నీళ్ళు ఉన్నాయి, మాట మాత్రం మారలేదు.

ఆ దారాన్ని మేకు నుంచి తెంపి వసారాలోంచి బయటికి పారేశాను. ఆ సాయంత్రం తల్లి వస్తే, "మీ అమ్మాయి తప్పు చేసి, చేయలేదని అబద్ధం చెబుతోంది" అని కూడా అన్నాను. ఆమె కొంగు నడుముకు దోపుకుంది.

"అబద్ధాలు సెప్పే పిల్లకు సదువేంటికి ఐవారూ? ఆ దొర వచ్చి పోయే దాకా ఉండనీ. ఆ పొద్దే తోలుకపోతా."

ఇంతవరకూ చేసింది కోపంలో చేశాను. తర్వాత చేసింది తీరిగ్గా చేశాను. పిల్లలందరూ వెళ్ళాక ఆ రోజు పెట్టిన రాయిని కొయ్య నుంచి మరో నాలుగు వేళ్ళు దూరం జరిపాను. దానికి సరిపడా కొత్త దారం కోసి మేకుకు కట్టాను. గోడ మీద వరస ఇప్పుడు చక్కగా, ఒకదానికంటే ఒకటి పొడుగ్గా కనపడింది. మరుసటి రోజు, ఇన్‌స్పెక్టరుగారు వచ్చేదాకా ఎవరూ నీడ కొలవకూడదని పిల్లలకు చెప్పాను.

ఆ రెండు వారాలూ ఆ పిల్ల బడికి వచ్చింది. పాఠం అడిగితే చెప్పేది. జడ చివర ఎర్ర రిబ్బను బదులు తెల్లటి నూలు చుట్టుకుని వచ్చేది. "ఏం పాపా, రిబ్బను పోయిందా?" అని ఒకరోజు అడిగాను. పక్కనున్న పిల్లలు మూతులు మూసుకుని కిసకిసలాడారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం కూత పడగానే బడి వదిలి నేను ఊళ్ళో నా గదికి పోయి భోజనం చేసేవాణ్ణి. ఆ గంట సేపు బడి దగ్గర ఏం జరిగేదో నేను చూసేవాణ్ణి కాను.

ఆ సోమవారం వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు సైకిల్ మీద వచ్చారు. నెరిసిన మీసాలు, దుమ్ము కొట్టిన కోటు, నెమ్మదైన మనిషి. మంచు బండ మీద అక్షరాలు చూసి ముచ్చటపడ్డారు. మట్టి అక్షరాలు చేతిలోకి తీసుకుని చూశారు. ఒకటో తరగతి పిల్లలు నూరు దాకా తొక్కలు పేర్చి లెక్కపెడితే పుస్తకంలో ఏదో రాసుకున్నారు. ఊరి పెద్దలు పదిమంది దాకా వచ్చి నిలబడ్డారు. ఆ పిల్ల తల్లి కూడా వచ్చింది. నడుముకు పత్తి వేసుకునే ఒడి కట్టుకునే ఉంది. తనిఖీ కాగానే పిల్లను అటు నుంచి అటే చేనికి తీసుకుపోవడానికి వచ్చిందని చూస్తేనే తెలుస్తోంది.

మిల్లు కూత దగ్గర పడుతూంటే నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. "మొన్న సంక్రాంతి దాకా నీడ పెరిగింది సార్. ఇప్పుడు చూడండి, అప్పుడే ఒక వేలు తగ్గి ఉంటుంది."

కూత పడింది. ఒక పిల్లవాడు రాయి పట్టుకుని నీడ కొన దగ్గరికి పరిగెత్తి, దాన్ని అక్కడ పెట్టి ఆగిపోయాడు. నా చివరి రాయికి అది జానెడు ఇవతల ఉంది.

 ఇన్‌స్పెక్టరుగారు వంగి చూశారు. "రెండు రోజుల్లో జానెడా? ఈ చివరి రాయి ఎవరు పెట్టారయ్యా?"

"పిల్లలే సార్. మేకలు తొక్కి జరిపినట్టున్నాయి" అన్నాను. నోటికి వచ్చిన మాట అది. ఊళ్ళో బడి వైపు మేకలున్నది ఆ పిల్ల ఇంట్లోనే అన్న సంగతి కూడా గుర్తు లేదు.

"మా మేకలు కట్టేసే ఉంటాయి!" అంది వెనక నుంచి ఆ పిల్ల.

ఇన్‌స్పెక్టరుగారు తిరిగారు. "నువ్వెవరు పాపా?"

ఆమె జడ ముందుకు వేసుకుని చివర చుట్టిన నూలు విప్పడం మొదలుపెట్టింది. చుట్లు చుట్లుగా వస్తూనే ఉంది. ముప్పై మంది పిల్లలూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అప్పుడు నాకు అర్థమైంది. నేను వసారాలోంచి పారేసిన దారమే అది. దాని ఒక కొసన దగ్గరదగ్గరగా వేరే నూలు పోగులతో కట్టిన ముళ్ళు ఉన్నాయి.

ఆమె దారం ఒక చివర కొయ్యకు చుట్టింది. రెండో చివర పట్టుకుని రాళ్ళ వైపు నడిచింది. ఎప్పటిలాగే మోకాళ్ళ మీద కూర్చుంది. దారం బిగించింది. చివర నా రాయి దాకా రాలేదు. నాలుగు వేళ్ళు తక్కువైంది.

"ఇది క్రిస్మస్ అయినంక రెండో సోమవారం నీడ" అంది. "ఈడికే ఉండె. ఇది మంగళారం. ఇది బుధారం." వేలితో ఒక్కొక్క ముడి తాకుతూ వచ్చింది. "ఆదివారాలు కూత లే. పండగ పొద్దు బడి లే. అంతా పది ముళ్ళు."

"పదీ!" అని ముప్పై గొంతులూ అరిచాయి. అంతమందికీ తెలుసు. రెండు వారాలు, ఆరేళ్ళ పిల్లలు ముప్పై మంది, ఒక్కరూ నాతో అనలేదు.

పదో ముడి ఇప్పుడు పెట్టిన రాయికి రెండు వేళ్ళు అవతల ఉంది. కొలవని పండగ, ఆదివారం దాటేసరికి పడిన ఎడం అది. ఇన్‌స్పెక్టరుగారు కోటుకు దుమ్ము అంటుతుందని కూడా చూడకుండా నేల మీద కూర్చున్నారు. దారం తానే పట్టుకుని మళ్ళీ కొలిచారు. ఒక్కొక్క ముడికీ మధ్య గోరంత ఎడం. ముడి తర్వాత ముడి వెనక్కే వస్తోంది.

"ఈ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం" అన్నారు లేస్తూ. పెద్దల వైపు తిరిగారు. "సూర్యుడు డిసెంబరులోనే తిరుగుతాడు. పూర్వం ఎప్పుడో సంక్రాంతి కూడా ఆ రోజుల్లోనే వచ్చేది. జరుగుతూ జరుగుతూ పండగ ఇంత దూరం వచ్చింది. పండగ పండగే, ఎవరూ మానక్కర్లేదు. కానీ ఇది ఈ వయసు పిల్ల దారంతో పట్టుకోవడం నేను తిరిగిన బళ్ళలో ఎక్కడా చూడలేదు."

నా రాయిని ఆమె దారం చివరికి తానే జరిపారు. లేచి రెండడుగులు వెనక్కి వేసి చూడమన్నారు. దీపావళి నాటి రాయి నుంచి ఇవాళ్టి రాయి దాకా వరస మెల్లగా దూరం పోయి, ఒక చోట వంగి, వెనక్కి మళ్ళింది. అచ్చం కొడవలి.

"కొడవలి! కొడవలి!" పిల్లలు కొయ్య చుట్టూ తిరుగుతూ గంతులు వేశారు. పెద్దల్లో ఒకాయన "మొత్తానికి సూర్యుణ్ణి తిప్పినారు గదప్పా, ఐవారు గాదు, ఈ పాప" అన్నాడు. అందరూ నవ్వారు. నా నవ్వు మాత్రం బయటికి రాలేదు.

తల్లి ముందుకు వచ్చింది. "దొరా, ఆ ముళ్ళేంటివో నాకు తెల్వదు. ఒకటి సెప్పు. నా బిడ్డ అబద్ధం సెప్పలే గదా?"

"లేదమ్మా. ఒక్క మాట కూడా."

ఆమె నా వైపు చూడలేదు. నడుముకున్న ఒడి ఒకసారి బిగించుకుంది. "అది సాలు. పత్తి నేను ఇడిపిస్తా, అది బడికే వస్తాది" అని చేని దారి పట్టింది. నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగి కూతురితో అంది: "జడ అల్లుకోవే, దెయ్యం మాదిరి ఉండావు."

అప్పుడు ఇన్‌స్పెక్టరుగారు ఆ పిల్లను అడిగారు. "దారంతో ఇట్లా కొలవడం నీకు ఎవరు నేర్పారు?"

ఆమె నన్ను చూసింది. రాయి జరిపింది ఎవరో ఆమెకు తెలుసు. ఆ చేతి మీద నా దెబ్బలు పడ్డ రోజు నుంచి తెలుసు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు.

"ఐవారే నేర్పినాడు" అంది.

సందర్శకుల పుస్తకంలో ఆయన ఒక పేజీ రాశారు. పిల్లలు పెద్దలను కూడా ప్రశ్నించేటట్టు తయారు చేసిన ఉపాధ్యాయుడని నన్ను మెచ్చుకున్నారు. నేను దాని కింద సంతకం చేశాను. ఆ పేజీ చూసే రెండేళ్ళకు నన్ను ఎమ్మిగనూరులో పెద్ద బడికి వేశారు. ఆ తర్వాత ఈ కథ నా కంటే ముందు ఊళ్ళకు పోయేది.

తనిఖీ మరుసటి సోమవారం కూత పడగానే ఆ పిల్ల ఒక సున్నం రాయి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఈ పొద్దు మీ వంతు ఐవారూ." నీడ కొన దగ్గర పెట్టాను. ఆమె వంగి చూసి, చిటికెన వేలితో ఆ రాయిని గోరంత వెనక్కి నెట్టింది. "ఇప్పుడు సరిపోయినాది" అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి నేను అక్కడున్నంత కాలం బెత్తం అటక మీదే ఉంది.

ఆ బడికి తర్వాత పై తరగతులు వచ్చాయి; ఆమె అక్కడే ఐదో తరగతి ముగించి ఆదోనిలో పై చదువుకు పోయిందని విన్నాను. పదేళ్ళ క్రితం ఆదోని బస్టాండులో ఒక్కసారి కనపడింది. నేను గుర్తుపట్టలేదు. చంకలో బిడ్డ, చేతిలో ఉద్యోగస్థుల సంచి. దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టి, మొహం గంభీరంగా పెట్టి అడిగింది:

"ఐవారూ, మేకలు బాగున్నాయా?"

పెద్దగా నవ్వేసింది. నేనూ నవ్వాను. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. హాలహర్వి బస్సు వచ్చింది, ఆమె ఎక్కి పోయింది.

ఆ మాట ఇక్కడ చెబుతున్నాను. రాయి జరిపింది నేనే. దారం మార్చింది నేనే. నిజం చెప్పిన పిల్లను కొట్టి, అబద్ధాలకోరని తల్లితో చెప్పిందీ నేనే. పంచాంగానికి పరీక్ష పెట్టింది నేను కాదు, ఆమె. నా శాలువా ఆమెది.

ఇది అచ్చులో వస్తే ఎక్కడున్నా ఆమె కంట పడుతుందని నా ఆశ. ఆమె చదువుతుంది. మంచు బండ మీద, ఎండ వచ్చి చెరిపేసేలోగా, గబగబా చదవడం నేర్చిన పిల్ల. అది మాత్రం నిజంగా నేను నేర్పిందే.